తేటనీటిలోని మలినము

వర్షకాలమున గోదావరికి క్రొత్తనీరు వచ్చినపుడు నది ఎఱ్ఱగా పారును. ఆ నీటిని కడవలతో తెచ్చుకొను పల్లెలలో పూర్వమొక సులభమైన ఉపాయ ముండెడిది. ఇల్లాలు ఒక చిల్లగింజను తీసికొని, సానరాతిమీద కొంచెము నీటితో అరగదీసి, ఆ గంధమును బిందెలోని నీటిలో కలిపి, ఒక రాత్రి కదలకుండ ఉంచెడిది. తెల్లవారునప్పటికి మట్టి యంతయు అడుగునకు దిగి, పైనున్న నీరు అద్దమువలె తేటపడి యుండెడిది. ఈ గింజనే కొన్ని సీమలలో ఇండుపగింజ యందురు. దానిలోని జిగురు పదార్థము నీటిలో తేలియాడు సన్నని మట్టిరేణువులను ఒకదానితో నొకటి కూర్చును. అట్లు కూడిన రేణువులు బరువెక్కి క్రిందికి దిగిపోవును. నేడు పట్టణములలో నీటిని శుద్ధిచేయు కేంద్రములందు పటికతో చేయుపని ఇదియే.

అయితే తేటగా నున్న నీరెల్ల పరిశుద్ధమైనదేనా? ఒక గ్లాసు నీటిలో చిటికెడు ఉప్పు వేసి కలిపి చూడుడు. ఉప్పు కంటికి కనబడదు; నీరు మునుపటివలెనే తేటగా నుండును. గుడ్డతో వడకట్టినను, చిల్లగింజ వేసినను, కాచి చల్లార్చినను ఆ ఉప్పు పోదు. నాలుకకు తగిలినగాని అది యున్నదని తెలియదు. అట్లే నీటిలో కరగిపోయి, కంటికిగాని, ముక్కునకుగాని, నాలుకకుగాని అందక ప్రయాణము చేయు మలినములు కొన్ని కలవు. నీటిలోని మట్టిని తొలగించుట మానవుడు పూర్వమే నేర్చెను. రోగములను కలిగించు సూక్ష్మజీవులను చంపుట తరువాత నేర్చెను. ఇప్పు డీ మూడవ రకపు మలినముతో పోరాడవలసి వచ్చినది. ఇట్టి మలినములలో మాదకద్రవ్యముల శేషము ఒకటి. అది నీటిలోని కెట్లు వచ్చుచున్నది, దాని నెట్లు కనుగొనిరి, దానిని తొలగించుటకు ఏయే ఉపాయములు చేయుచున్నారు అను విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

దక్షిణ అమెరికా ఖండమున కోకా అను పొద పెరుగును. దాని ఆకులనుండి తీయబడు కొకెయిన్ అనునది ఒక మాదకద్రవ్యము. ఒకమారు అలవడినచో అది మనుష్యుని ఆరోగ్యమును, బుద్ధిని, సంపాదనను, చివరకు కుటుంబమును చెరచును. అందుచేతనే అనేక దేశములు దీనిని నిషేధించినవి. అయినను దొంగచాటుగా దీనిని అమ్మువారును, కొనువారును కలరు. మందుల దుకాణములలో దొరకక, రసాయనములతో రహస్యముగా తయారుచేయబడు మెథాంఫిటమిన్, ఎం.డి.ఎం.ఎ. మున్నగు మత్తుమందులును ఈ కోవకు చెందినవే.

మనము లోనికి పుచ్చుకొనిన దంతయు శరీరములోనే ఇంకిపోవునని తలంచుట పొరపాటు. శరీరము తనకు పనికిరాని పదార్థమును విరుగగొట్టి బయటికి పంపును. ఈ పనిలో కాలేయమునకు ముఖ్యమైన పాత్ర కలదు. కొకెయిన్‌లో చాలభాగము శరీరములో విరిగి బెంజాయిలెక్గొనైన్ అను వేఱొక పదార్థముగా మారును. విరుగక మిగిలిన కొకెయిన్ కొంచెము, ఈ క్రొత్త పదార్థము చాలవరకు, మూత్రముతో గూడ బయటికి పోవును. మరుగుదొడ్డినుండి మురుగుకాలువకు, మురుగుకాలువనుండి శుద్ధికేంద్రమునకు, అచ్చటనుండి నదికి ఆ పదార్థము నడచును. తాను చేసిన పని నాలుగు గోడలమధ్య ముగిసినదని మత్తుమందు తీసికొనినవాడు తలంచును. కాని అది ముగియలేదు. దాని ప్రయాణ మప్పుడే మొదలైనది.

ఈ ప్రయాణమును గుర్తించి, మురుగునీటిని పరీక్షించినచో ఒక ఊరిలో వాడబడు మాదకద్రవ్యముల పరిమాణమును తెలిసికొనవచ్చునని 2001లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాటన్ సూచించెను. ఆ సూచనను ఆచరణలో పెట్టినవారు ఇటలీ దేశీయులు. మిలాన్ నగరమందలి మారియో నెగ్రీ పరిశోధనాలయమునకు చెందిన ఎత్తోరె జుక్కాతోయు, ఆయన సహచరులును పో నదిలోని నీటిని తెచ్చి పరీక్షించిరి. పో నది ఇటలీలో మిక్కిలి పొడవైనది. ఆల్ప్స్ పర్వతములలో పుట్టి, తూర్పునకు ప్రవహించి, ఏడ్రియాటిక్ సముద్రములో కలియును. పరీక్ష జరిగిన చోటికి ఎగువను సుమారు 50 లక్షల జనులు నివసించు నగరముల మురుగు ఆ నదిలో కలియుచున్నది.

2005లో వారు తమ ఫలితములను ప్రకటింపగా లోకము ఆశ్చర్యపడెను. ఆ నది దినమునకు సుమారు 4 కిలోగ్రాముల కొకెయిన్‌కు సమానమైన శేషమును మోసికొని పోవుచున్నదని వారు లెక్కగట్టిరి. ఒక మోతాదునకు 100 మిల్లీగ్రాముల చొప్పున చూచినచో, అది దినమునకు 40,000 మోతాదు లగును. ప్రభుత్వమువారు మనుష్యులను ప్రశ్నించి వేసికొనిన అంచనాలకంటె ఇది చాల హెచ్చు. మనుష్యుడు అడిగినవారికి అబద్ధము చెప్పవచ్చును. మురుగుకాలువ అబద్ధము చెప్పనేరదు. 2011 నుండి ఐరోపాలోని నగరములు కొన్ని ఏటేట ఒక వారముపాటు తమ మురుగునీటిని ఇట్లు పరీక్షించుకొనుచున్నవి. అనేక నగరములలో కొకెయిన్ శేషము వారాంతములందు హెచ్చుచున్నట్లు ఈ పరీక్షలవలన తెలిసినది. కాలువ ఎవరి పేరును చెప్పదు. ఊరి అలవాటును మాత్రము చెప్పును.

నదిలో ఈ పదార్థము ఎంత యుండును? 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల ఒక కొలనును ఊహించుకొనుడు. దానిలో 10 లక్షల లీటర్ల నీరు పట్టును. ఆ కొలనులో ఒక్క గ్రాము పదార్థమును కలిపినచో, లీటరునకు ఒక మైక్రోగ్రాము చొప్పున వచ్చును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. నదులలో దొరకు మాదకద్రవ్య శేషము తరచుగా ఇంతకంటెను తక్కువ. దానిని నానోగ్రాములలో, అనగా గ్రాములో నూరుకోట్లవ వంతులలో, లెక్కింతురు. నీటిలోని పదార్థములను ఒకదానినుండి యొకటి వేఱుచేసి, వాని అణువుల బరువును కొలుచు సూక్ష్మయంత్రములు వచ్చిన పిమ్మటనే ఇది సాధ్యమైనది.

ఇంత స్వల్పమైనదానికి భయపడనేల అని మీ రడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. త్రాగునీటిలోని ఇట్టి శేషమువలన మానవులకు ప్రత్యక్షహాని కలిగినట్లు నిరూపింపబడలేదు. కాని మనము ఆ నీటిని గ్లాసులతో త్రాగుదుము. చేప ఆ నీటిలోనే పుట్టి, ఆ నీటినే పీల్చి, ఆ నీటిలోనే చచ్చును. దానికి వేఱొక చోటు లేదు. కావున చేపకు ఏమగుచున్నదో శాస్త్రజ్ఞులు పరిశీలించిరి.

చెక్ దేశపు శాస్త్రజ్ఞులు 2021లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. వారు ట్రౌట్ అను చేపలను కొన్నింటిని, లీటరునకు ఒక మైక్రోగ్రాము చొప్పున మెథాంఫిటమిన్ కలిపిన నీటిలో 8 వారము లుంచిరి. పిదప వానిని మంచినీటిలోనికి మార్చిరి. అటుపిమ్మట అప్పుడప్పుడు ఒకవైపు మందు కలిసిన నీటిని, మఱియొకవైపు మంచినీటిని పారించి, చేపలు ఎటుపోవునో చూచిరి. మందునకు అలవడిన చేపలు మంచినీటికి వచ్చిన మొదటి నాలుగు దినములలో మందు కలిసిన నీటివైపే మొగ్గుచూపెను. అవి తక్కిన చేపలకంటె మందకొడిగా తిరుగుచుండెను. మత్తు మానిన మనుష్యుడు పడు బాధ వంటిదే ఆ మూగజీవములకును కలిగినదని శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. ఆహారమును వెదకుకొనవలసిన చేప, శత్రువును చూచి పారిపోవలసిన చేప, మందకొడియై మురుగు కలియు చోటనే తిరుగాడినచో ఎట్లు బ్రతుకగలదు?

ఇటలీలో 2018లో ప్రకటింపబడిన వేఱొక ప్రయోగములో మలుగుచేపలవంటి ఈల్ అను చేపలను, లీటరునకు 20 నానోగ్రాముల కొకెయిన్ గల నీటిలో 50 దినము లుంచిరి. మన మూహించుకొనిన కొలనులు 50 ఉన్నచో, వానియన్నిటికిని కలిపి ఒక్క గ్రాము చొప్పున కలిపినట్లు! అంత స్వల్పమైన మందు కూడ ఆ చేపల మెదడులో, కండరములలో, మొప్పలలో చేరినది. వాని కండరములు దెబ్బతినినవి. మంచినీటిలో 10 దినము లుంచినను ఆ దెబ్బ మానలేదు. ఈ జాతి చేపలు గ్రుడ్లు పెట్టుటకై ఐరోపా నదులనుండి బయలుదేరి, అట్లాంటిక్ మహాసముద్రమున వేలకొలది కిలోమీటర్లు ఈదవలెను. దెబ్బతినిన కండరములతో అంత దూర మీదుట ఎట్లు? మనుష్యుడు చేసిన తప్పునకు శిక్షను అనుభవించునది చేప.

ఇక ఈ శేషమును నీటినుండి తొలగించు మార్గములను చూతము. నగరముల మురుగును శుద్ధిచేయుటకు నేడు లోకమున విశేషముగా వాడబడు పద్ధతి ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున పుట్టినది. 1914లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనువారు ఒక పాత్రలో మురుగునీటిని పోసి, దానిలోనికి గాలి నూదిరి. నీరు శుభ్రపడుటకు కొన్ని వారములు పట్టినది. అప్పుడు వారు పైనున్న తేటనీటిని తీసివేసి, అడుగున మిగిలిన మడ్డిని పారవేయక, దానిమీదనే క్రొత్త మురుగును పోసిరి. ఇట్లు మరల మరల చేయగా వారములు పట్టిన పని ఒక దినములోనే ముగియజొచ్చెను. రహస్యమంతయు ఆ మడ్డిలో నున్నది. అది వట్టి బురద కాదు. కోటానుకోట్ల సూక్ష్మజీవుల నివాసము. గాలి దొరకినచో అవి మురుగులోని మలినమును ఆహారముగా తినివేయును. చల్లయందలి కొంచెము తోడు పాలనెల్ల పెరుగుగా మార్చినట్లు, పాతమడ్డి క్రొత్తమురుగును మార్చుచున్నది. వీరికి దారిచూపిన గిల్బర్ట్ ఫౌలర్ అను శాస్త్రజ్ఞుడు 1916లో మన దేశమునకు వచ్చి, బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో ఆచార్యుడుగా పనిచేసెను.

ఈ సూక్ష్మజీవులు మాదకద్రవ్యములను కూడ తినగలవా? కొన్నింటిని తినగలవు; కొన్నింటిని తినలేవు. కొకెయిన్‌ను, దాని శేషమైన బెంజాయిలెక్గొనైన్‌ను ఇవి చాలవరకు విరుగగొట్టును. ఎం.డి.ఎం.ఎ. వంటి పదార్థములు మాత్రము వీనికి సులభముగా లొంగవు. శుద్ధికేంద్రమున కొకవైపున ప్రవేశించి, వేఱొకవైపునుండి చాలవరకు తప్పించుకొని పోవును. ఆ పద్ధతిని కల్పించినవారి తప్పు ఇందులో లేదు. వారు మలమూత్రములను, వంటయింటి మురుగును దృష్టిలో పెట్టుకొని దానిని కల్పించిరి. రసాయనశాలలో పుట్టిన మందులకు, ప్రకృతిలో పుట్టిన సూక్ష్మజీవులకు పరిచయము తక్కువ. కావున మురుగును శుద్ధిచేసిన పిమ్మట, ఈ శేషముకొరకు మఱియొక మెట్టు అవసరమైనది. దానికి రెండు ముఖ్యమైన సాధనములు కలవు.

మొదటిది బొగ్గు. కొబ్బరిచిప్పలను, కఱ్ఱను లేక రాక్షసిబొగ్గును గాలి తగులకుండ కాల్చి, మిక్కిలి వేడియైన ఆవిరితో పదునుపెట్టినచో, ఆ బొగ్గులో కంటికి కనబడని రంధ్రములు లెక్కలేనన్ని ఏర్పడును. ఇట్టి బొగ్గును ఉత్తేజిత మైన బొగ్గందురు. దీనిలో ఒక్క గ్రామును తీసికొని, లోపలి రంధ్రముల గోడలనన్నింటిని విప్పి పఱచినచో సుమారు 1,000 చదరపు మీటర్లు, అనగా పావు ఎకరము వచ్చును. నీటిలో కరగియున్న మందుల అణువులు ఆ గోడలకు అంటుకొని నిలిచిపోవును. కాని కొంతకాలమునకు గోడలన్నియు నిండిపోవును. అప్పుడా బొగ్గును తీసి, మరల కాల్చి పదునుపెట్టవలెను; లేదా తగులబెట్టవలెను. బొగ్గు మలినమును పట్టుకొనునే కాని నశింపజేయదు.

రెండవది ఓజోను. మనము పీల్చు ప్రాణవాయువు అణువులో రెండు పరమాణువు లుండగా, ఓజోను అణువులో మూడుండును. ఆ మూడవది స్థిరముగా నుండక, ఎదురైన పదార్థముతో కలిసి దానిని విరుగగొట్టును. విద్యుచ్ఛక్తితో ఓజోనును తయారుచేసి నీటిలో బుడగలుగా పంపినచో, మందుల అణువులు ముక్కలగును. అయితే ఇందును ఒక చిక్కు కలదు. ముక్కలైనంతమాత్రమున మలినము మాయమైనట్లు కాదు. ఆ ముక్కలలో కొన్ని హానికరమైనవి కావచ్చును. అందుచేత ఓజోను పెట్టిన నీటిని మరల ఇసుకపరపులగుండ పంపి, అచ్చట పెరుగు సూక్ష్మజీవులచేత ఆ ముక్కలను తినిపింతురు. పెద్ద జీవి నమలి యిచ్చిన ముద్దను పిల్ల తినునట్లు, ఓజోను విరిచి యిచ్చినదానిని సూక్ష్మజీవులు తినును.

ఈ సాధనము లెంతవరకు పనిచేయునో స్పెయిన్ దేశపు అనుభవమొకటి చెప్పుచున్నది. బార్సిలోనా ప్రాంతమున లోబ్రెగాత్ అను నది కలదు. ఎగువ పట్టణముల మురుగు శుద్ధియై ఆ నదిలో కలియగా, దిగువను ఆ నదినీటినే శుద్ధిచేసి త్రాగుదురు. అచ్చటి త్రాగునీటి కేంద్రమున ఏ మెట్టులో ఏది తొలగుచున్నదో శాస్త్రజ్ఞులు పరీక్షించి 2008లో ప్రకటించిరి. క్లోరిన్ కలిపి, మలినమును పేరబెట్టి, ఇసుకలో వడకట్టు తొలిమెట్లలోనే ఎం.డి.ఎం.ఎ. తప్ప ఆ జాతి మందులు తొలగిపోయినవి. ఓజోను పిమ్మట వచ్చు బొగ్గుపరపులో కొకెయిన్ పూర్తిగ తొలగినది, ఎం.డి.ఎం.ఎ. నూటికి 88 పాళ్లు, బెంజాయిలెక్గొనైన్ 72 పాళ్లు తొలగినవి. చివర మరల క్లోరిన్ కలిపిన తరువాత గూడ బెంజాయిలెక్గొనైన్ ఒకటి మాత్రము నిలిచినది. మొత్తముమీద అది పదింట తొమ్మిది పాళ్లు పోయినను, ఒక పాలు మిగిలినది. ఇన్ని మెట్లు, ఇన్ని యంత్రములు, ఇంత వ్యయము. అయినను పూర్తిగా కడుగలేకపోయిరి.

ఈ కడుగుడునకు మూల్య మెవరు చెల్లింపవలెను? స్విట్జర్లండు చిన్న దేశము. రైను, రోను నదులు అచ్చటనే పుట్టి ఇతర దేశములకు ప్రవహించును. తమ మురుగు పొరుగువారి త్రాగునీటిలో చేరరాదని ఆ దేశము తలంచినది. జూరిక్ చెంతనున్న డ్యూబెన్‌డోర్ఫ్ పట్టణపు మురుగు కేంద్రమున 2014లో ఓజోను సాధనమును నెలకొల్పిరి. 2016లో అమలునకు వచ్చిన నిబంధనల ప్రకారము, దేశములోని ముఖ్యమైన మురుగు కేంద్రములను సుమారు నూటిని ఇట్లు సరిదిద్దవలెను. మందుల శేషమువంటి సూక్ష్మమలినములలో నూటికి 80 పాళ్లు తొలగవలెను. దీనికై ప్రతిమనుష్యుని లెక్కన ఏటికి 9 ఫ్రాంకులవరకు మురుగు కేంద్రములనుండి వసూలుచేసి ఒక నిధిని ఏర్పరచిరి. 2024లో ఐరోపా సమాఖ్య చేసిన చట్టము వేఱొక మార్గమును త్రొక్కినది. ఔషధములను, సౌందర్యసాధనములను తయారుచేయువారే ఈ అదనపు శుద్ధికగు వ్యయములో నూటికి 80 పాళ్లయినను భరింపవలెనని అందులో నిర్దేశించిరి. దొంగచాటుగా మత్తుమందు లమ్మువాని నుండి మాత్రము ఏ చట్టమును ఈ పన్నును వసూలు చేయజాలదు. వాడు లాభమును తీసికొని పోవును. శుద్ధికగు వ్యయమును నిర్దోషులైన పౌరులు చెల్లింతురు.

ఇదంతయు దూరదేశముల ముచ్చట యని మన మూరకుండరాదు. నీటికి చట్టము తెలియదు. నిషేధింపబడిన మత్తుమందు నెట్లు కరగించుకొనునో, వైద్యుడు వ్రాసి యిచ్చిన మంచి మందును కూడ అట్లే కరగించుకొనును. హైదరాబాదునకు సమీపముననున్న పటాన్‌చెరు ప్రాంతమున ఔషధ కర్మాగారములు అనేకము వెలసినవి. అట్టి కర్మాగారములు సుమారు 90 పంపు మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. శుద్ధియైన పిమ్మట కూడ ఆ నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు ఉండెను. ఆ మందు వాడు రోగి రక్తములో ఉండు పరిమాణముకంటె ఇది హెచ్చు. దినమునకు సుమారు 45 కిలోగ్రాముల మందు అట్లు నీటిపాలగుచున్నదని వారు లెక్కగట్టిరి.

సిప్రోఫ్లోక్సాసిన్ సూక్ష్మజీవులను చంపు మందు. అది రోగి శరీరములో నున్నపుడు మేలుచేయును. నీటిలో నిరంతరముగా నున్నచో ఏమగును? బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, ఆ మందునకు లొంగనివి మాత్రము మిగిలి వృద్ధిపొందును. రేపు మనకు వ్యాధి వచ్చినపుడు అదే మందు పనిచేయకపోవచ్చును. పైగా మురుగును తిని శుద్ధిచేయవలసినవి సూక్ష్మజీవులే గదా! వానినే చంపు మందును వాని చేతికిచ్చి శుద్ధిచేయుమనుట ఎట్టి వింత! మత్తుమందు చేపను చెరచినట్లు, దారితప్పిన మంచిమందు వైద్యునే నిరాయుధుని చేయును.

కావున ఈ సమస్యకు రెండు చివరలు కలవు. ఒక చివర మురుగు కేంద్రము. రెండవ చివర మనుష్యుడు. మురుగు కేంద్రమున సూక్ష్మజీవులను పెంచవలసినదే. బొగ్గును, ఓజోనును వాడవలసినదే. అందుకు రసాయనశాస్త్రము నేర్చిన యువకులు, యంత్రశాస్త్రము నేర్చిన యువతులు కావలెను. మీలో కొందరు ఆ పనికి పూనుకొందురుగాక! కాని రెండవ చివర మన అందరి చేతిలో నున్నది. మత్తుమందు జోలికి పోనివాడు తన శరీరమును, తన ఇంటిని కాపాడుకొనుటయేకాక, తన యూరి నదిని కూడ కాపాడుచున్నాడు. ఇంటిలో మిగిలిపోయిన, గడువు తీరిన మందులను ఎట్లు పారవేయవలెనో మందుల దుకాణమువారిని అడిగి తెలిసికొనవలెను. అడుగక కాలువలో పోయరాదు. చిన్న జలుబునకు, వైద్యుని సలహా లేక సూక్ష్మజీవులను చంపు మందులు మ్రింగరాదు. కర్మాగారములు తమ మలినమును తమ గడప దాటకముందే తొలగించునట్లు పౌరులు కోరవలెను.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అని మన సామెత. అడుసు త్రొక్కిన కాలిని కడుగుకొనిన, అడుసు పోవును. నీటిలో కరగిన విషమును కడుగుట అంత సులభము కాదు. పదింట తొమ్మిది పాళ్లు పోయినను, ఒక పాలు నదితో గూడ దిగువకు నడచుచునే యుండును. ఆ దిగువను ఒక చేప ఈదుచుండును. ఇంకను దిగువను ఒక పిల్లవాడు కడవ ముంచుచుండును. నాడు ఇల్లాలు చిల్లగింజతో నీటిని తేటపఱచినది. అది ఆనాటి మలినమునకు చాలినది. నేటి మలినము తేటనీటిలోనే దాగియున్నది. దానిని నీటిలోనికి పోనీయకుండుటయే అన్నిటికంటె మేలైన శుద్ధి.